మూడుసార్లు ‘సూడు’

ఊరంతా అరవం మాట్లాడే ఉప్పళంలో దామోదరన్‌ను ఎలక్ట్రీషియన్ అంటే మూతి ముడుచుకునేవాడు. "గీజరు డాక్టర్నప్పా" అనేవాడు. నీళ్లను సలసలా కాచేసే పాత గీజర్లకు థర్మోస్టాట్ బిగించి, బయట నాబ్ పెట్టి, "ఇంక మీరు చెప్పినంతే కాగుతుంది" అని కాలరెగరేసేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. దాంతో గర్వం కాస్త ఎక్కువే, ఏం చేస్తాం!

2004లో వసంతమ్మ ఇంట్లో పని పడింది. కూతురు అనుప్రియ పురిటికొచ్చింది, బిడ్డకు పన్నెండో రోజు. వాళ్లింట్లోనూ, దామోదరన్ ఇంట్లోలాగే, మాట్లాడేది తెలుగే. నాబ్ నలభై దగ్గర పెట్టాడు. నీళ్లు అంతవరకు కాగితే ఎర్రదీపం ఆరిపోవాలి. దీపం ముందు వసంతమ్మను నిలబెట్టి, మెయిన్ వేయడానికి వరండాలోకి వెళ్లాడు.

"సూడుక్కా!" అని కేకేశాడు. జవాబు రాలేదు. "సూడు! బాగా సూడు!"

"సరి, సరి!" అంది లోపల్నుంచి ఓ ఆడగొంతు. నిశ్చింతగా సామాన్లు సర్దుకుంటూ కూర్చున్నాడు.

పావుగంటకు గావుకేక వినిపించింది. లోపలికి పరిగెత్తాడు. గదినిండా ఆవిరి. పీట మీద కాళ్లు చాపుకుని రాజాత్తి, కురుచికుప్పం నుంచి వచ్చి పసిపిల్లలకు నీళ్లు పోసే మనిషి, మోకాళ్ల దాకా ఎర్రగా కాలి ఏడుస్తోంది. గుమ్మంలో అనుప్రియ బిడ్డను గుండెకు అదుముకుని నిలబడింది. బిడ్డకు చుక్క కూడా తగల్లేదు. కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకునే ముందు, మొదటి చెంబు తన కాళ్ల మీదే పోసుకోవడం రాజాత్తి అలవాటు.

నాబ్ చివరిదాకా తిరిగి ఉంది.

"ఎవురు తిప్పింది?" అన్నాడు.

"నువ్వే కదన్నా సూడు, సూడు అని మూడుసార్లు అరిచినావు!" అంది రాజాత్తి అరవంలో. బిడ్డ ఏడిస్తే వసంతమ్మ అటు వెళ్లింది. అప్పుడు గదిలో ఉన్నది రాజాత్తి ఒక్కతే. తెలుగులో చూడమన్న మాట అరవంలో వేడి. మూడు కేకలకు మూడుసార్లు పెంచింది.

దామోదరన్ నాబ్ వెనక్కి తిప్పాడు. రెండు భాషలూ ఉగ్గుపాలతో వచ్చినవాడు, ఒక్కసారైనా తట్టలేదే! ఆ పసిగుడ్డు... ఆపైన ఊహించడానికి ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత ఇంట్లో భార్యతో కూడా ‘సూడు’ అనలేదు, చూడమనడానికి అరవంలో ‘పారు’ అనేవాడు. ఎవరింట్లో గీజరు బిగించినా మొదటి చెంబు తన పాదం మీద పోసుకున్నాకే గడప దాటేవాడు. పోసుకునే ముందు ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకునేవాడు.