పక్క మిల్లు సంగు

పాయసం గరిటె పక్క ఆకు దాకా వచ్చింది. నా ఆకు తీసేశారు. ఇది అన్యాయం. అప్పుడూ అన్యాయమే, తల నెరిసిపోయిన ఇప్పుడూ అన్యాయమే.

ఆ రోజుల్లో కోయంబత్తూరు దగ్గర సింగానల్లూరులో మాకు పొద్దు చెప్పేది సూర్యుడు కాదు, మిల్లు సంగు (సైరనును మేమంతా సంగు అనే అంటాం). మొదటి సంగుకు లేవాలి, రెండో సంగుకు గేటు లోపల ఉండాలి, లేకపోతే ఆ పూట పని లేదు. నోట్లో ముద్ద ఉన్నా సరే, సంగు వినబడితే ముందు కాళ్ళు లేచేవి, మనిషి వాటి వెంట పోయేవాడు. బడి మొహం సరిగా చూడక, పొట్లాల కాగితాలు చదివి తెలుగూ తమిళమూ నేర్చుకున్న నేను అలాంటి కాళ్ళతోనే నూలు వడికే స్పిన్నింగులో పనిచేసేవాణ్ణి.

మా వీధి చివర మన తెలుగు పెద్దమ్మ ఒకావిడ మెస్సు నడిపేది. కోయంబత్తూరు కాలేజీల్లో చదివే పిల్లలకు అంత చవకగా కడుపు నింపే చోటు ఇంకొకటి లేదు. అయితే అక్కడొక కట్టుబాటు ఉండేది. చదువుకునేవాళ్ళకు అడిగినంత అన్నం, ఆదివారం పాయసం. మిల్లువాళ్ళకు అళవు సాపాటు, అంటే కొలిచి పెట్టిన అన్నం. "చదివే బిడ్డ అన్నం తింటాడు, మిల్లోడు కుండ తింటాడు" అని పెద్దమ్మ వాదన. (నిజమే. నిజమైనంత మాత్రాన న్యాయమైపోతుందా?)

అందుకని నేను విద్యార్థినయ్యాను. చెవులూ కనుబొమలూ తోమి పత్తి వదలగొట్టుకుని, పాత కాగితాల కొట్లో అన్నిటికన్నా లావుగా ఉన్న ఇంగ్లీషు పుస్తకం చంకన పెట్టుకుని, చదువుకునేవాళ్ళ వరసలో దర్జాగా కూర్చున్నాను. అది పశువుల రోగాల పుస్తకమని పక్కనున్న సోడాబుడ్డి కళ్ళద్దాల కుర్రాడు చెప్పేదాకా నాకు తెలియదు. వడ్డించే గరిటె మామ (పెద్దమ్మ భర్త; ఆయన చేతిలో గరిటె లేకుండా ఎవరూ చూడలేదు) ఆ మాట విని లోపలికి కేకేశాడు.

"ఇదో, మాట్ల డాక్టరుకు చదివే పిల్లోడు వచ్చుండాడు!"

మాట్ల డాక్టరంటే పశువుల డాక్టరు. పెద్దమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "సామీ, మా ఎనుము రెండు దినాలాయె, మేత ముట్టలేదు. ఏమన్నా చెప్పు కణ్ణు!"

గేదెను మా ఇళ్ళలో ఎనుమనే అంటాం. నేను పుస్తకం నాలుగు పేజీలు తిరగేసి, గొంతు లావు చేసి, మా అవ్వ చేసే వైద్యం చెప్పాను. "వామూ బెల్లమూ నూరి మింగించండి."

ఎనుము లేచింది! మేసింది! పాలిచ్చింది! ఆ పూట నుంచి నా ఆకులో ఒక అప్పళం ఎక్కువ పడేది. తర్వాతి ఆదివారం పాయసం ఆ పాలతోనే. "నీ ఎనుము పాలేరా డాక్టరూ, నీకు రెండు గరిటెలు" అని గరిటె మామ ముందే మాటిచ్చాడు. ఆ వారమంతా నూలు తెగినప్పుడల్లా నాకు పాయసమే కనిపించింది.

ఆదివారం వచ్చింది. పాయసం వరస చివరి నుంచి ఒక్కొక్క ఆకే దాటుకుంటూ వస్తోంది. సోడాబుడ్డి ఆకులో పడింది. నేను నా ఆకులో అన్నాన్నీ కూరనూ ఒక మూలకు నెట్టి చోటు చేశాను. అప్పుడు కూసింది సంగు.

మా మిల్లుకు ఆదివారం సెలవు. అది పక్క మిల్లు సంగు. ఆ సంగతి నాకు తెలుసు, నా కాళ్ళకు తెలియదు. లేచి నిలబడ్డాను. చూస్తే నేనొక్కణ్ణేనా? లా చదివేవాడూ, ఇంజనీరింగువాడూ, చదువుకునేవాళ్ళ వరసంతా ఎంగిలి చేతులతో లేచి నిలబడి ఉంది! కూర్చున్నది సోడాబుడ్డి ఒక్కడే.

గరిటె మామ గరిటె గాలిలోనే ఆగింది. "ఏమిరా, ఇప్పుడు కాలేజీలకు గూడా సంగు ఊదుతారా?"

ఆకు ముందు నుంచి లేచినవాడు మళ్ళీ ఆ ఆకు ముందు కూర్చోకూడదు, అది మాలో పద్ధతి. పెద్దమ్మ చటుక్కున నా ఆకు మడిచి తీసేసింది. "పో సామీ, పరుగెత్తు, గేటు మూసేస్తారు!" 'ఇది మా మిల్లు సంగు కాదు పెద్దమ్మా' అనవచ్చు. అంటే, నేను మిల్లువాణ్ణని ఒప్పుకున్నట్టే. అనకపోతే పాయసం లేదు. ఏది మేలో తేల్చుకునే లోపల నా కాళ్ళు వీధిలో ఉన్నాయి. చంకలో పశువుల రోగాలు, చేతికి సాంబారు, ముందు లా చదివేవాడు, పక్క మిల్లు గేటు దాకా పరుగెత్తి, కావలివాడు "యార్‌రా నీ?" అని, ఎవడివిరా నువ్వని, అడిగాక గానీ ఆగలేదు.

మళ్ళీ ఆ మెస్సు గడప తొక్కలేదు. పౌరుషం! గేదెను బతికించినవాడికి ఆ గేదె పాల పాయసం చుక్కయినా దక్కదా?

నేను మిల్లులో పని మానిన ఏడు, ఒట్టన్‌చత్రంలో ఒక పెళ్ళి పంక్తిలో పెద్దమ్మ కనిపించింది, పండు ముసలిదై. దండమైనా పెట్టకుండా అడిగాను. "నా ఆకు ఎందుకు తీస్తిరి పెద్దమ్మా?" తన ఆకులో పాయసం చల్లారిపోతుంటే పాత పాయసం కోసం పోట్లాటకు దిగిన ఆ పెద్దమనిషిని (నన్నే) తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఆమె నా చెవి పట్టుకుని లోపలికి తొంగిచూసి, బోసినోటితో నవ్వి అంది:

"మొదటి దినమే తెలుసురా సామీ, చెవిలో పత్తి చూస్తిని. వామూ బెల్లమూ ఏ కాలేజీలో చెప్తారు? ఆకలిగొన్న బిడ్డ గదా అని ఊరకుంటిని. సంగు ఊదినంక కూర్చోబెడితే నీ పని పోదా? దానికే ఆకు తీస్తిని. నీ పాయసం చెంబులో పోసి, మూతేసి, పొద్దు గూకేదాకా పెట్టింటిని. నువ్వే రాకపోతివి. కడాకు దాని పాలు దానికేనని ఎనుముకే పోస్తిని."