చిటికెలో కాసేస్తాడు

మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ గోదాములో నాతో పనిచేసిన స్టోర్‌కీపర్ భోజనమయ్యాక ఫోన్‌లో పోకర్ ఆడేవాడు. డబ్బు పెట్టని ఆటే. అయినా ఎదుటివాళ్ల అలవాట్లన్నీ నోటుబుక్కులో రాసుకునేవాడు. ‘మంచి ముక్కలొస్తే నాన్చుతాడు.’ ‘ఓడితే నవ్వుబొమ్మ పంపుతాడు.’ ఒక ఆటగాడి గురించి మాత్రం రోజూ ఒకటే మాట: ‘ఈ రోజూ చిటికెలో పందెం కాసేశాడు.’

“ఎవరితను?” అని అడిగాను.

“మా అన్న లా,” అన్నాడు, అక్కడివాళ్ల తీరులో మాట చివర ‘లా’ చేర్చి. “కువాలా సెలంగోర్‌లో ఉంటాడు. ఆరేళ్లుగా మాటల్లేవు. ఈ ఆటలో పేరు మార్సుకున్నాడు గానీ ఆట మార్సుకోనేదు. సెత్త ముక్కలొచ్చినా ఉన్నదంతా కాసేస్తాడు. ఎదురాడేది నేనని మా అన్నకి తెల్దు.”

ఒకరోజు ఆ అన్న ప్రతి ఆటకీ చాలాసేపు ఆగాడు. స్టోర్‌కీపర్ కలం పక్కన పెట్టేశాడు.

“మా అన్న ఇలా ఆలోసించడు. ఏదో అయినాది,” అంటూ ఆట మధ్యలోనే అన్నకి ఫోన్ చేశాడు.

“ఏట్రా?” అంది స్పీకర్లో గొంతు.

“నీకేటయినాది అన్నా?”

“బొటనేలు లారీ తలుపులో నలిగింది. కట్టు కట్టినారు. నీకెవుడు సెప్పినాడు?”

“నువ్వే. ఆటలో ఇంతసేపు ఆలోసించినావు కదా లా.”

అవతలినుంచి ఒక్క కేక వినిపించింది.

“ఓరి దొంగా, రోజూ నన్ను ఓడించేది నువ్వేట్రా!”