మీకు వీలున్నప్పుడేనండీ

మాట్లాడటం రాని నాకు మిరప విత్తనాలు అమ్మే ఉద్యోగం ఏం చూసి ఇచ్చారో గానీ, ఇచ్చారు. ఇల్లు నందిగామలో, తిరగాల్సింది జగ్గయ్యపేట దాకా. ఆరు నెలల ప్రొబేషన్‌లో అయిదు అయిపోయాయి. కొట్టులోకి వెళ్లడం, "మా కొత్త రకం వచ్చిందండీ, పెట్టుకుంటారా?" అనడం, "చూద్దాంలెండి" అనిపించుకుని బయటికి రావడం. మొత్తం రెండు నిమిషాల పని. ఇక మా మేనేజరు ఫోన్‌లో తేల్చి చెప్పేశాడు.

"జగ్గయ్యపేటలో ఆ పెద్ద డీలరు కొట్లో ఈ నెల మన విత్తనం కనపడాలి. కనపడకపోతే నువ్వూ కనపడవు."

"సరేనండీ" అన్నాను.

మా ఆవిడ దారి వేరు. నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగేలోపు పక్క సీటావిడ పుట్టిల్లు, ఆవకాయ కొలతలు, కోడలి మీద కోపం అన్నీ రాబట్టేస్తుంది. నా సంగతి విని, "మాట్లాడటం కూడా నేర్పించాలా దేవుడా" అని నెత్తి కొట్టుకుంది. వంటింట్లో స్టూలు వేసుకుని, చేతిలో గరిటె పట్టుకుని, తనే డీలరై కూర్చుంది.

"ముందు టిఫిన్ చేసారా అనడగండి. ఆయనేదంటే దాని చివరి ముక్క పట్టుకుని అదే అనండి. సరుకు ఊసు ఆయనెత్తేదాకా మీరెత్తొద్దు. లేచేటప్పుడు వెళ్తానని చచ్చినా అనకండి. 'మళ్లీ వస్తానండీ' అని నవ్వుతా చెప్పండి."

వారం రోజులు అదే పని. స్నానానికి వెళ్లబోయినా ఆపి "మళ్లీ వస్తానండీ" అనిపించేది. గ్యాసు బండ తెచ్చినతన్ని కూడా నేను టిఫిన్ చేశావా అని అడిగాను. అతను అనుమానంగా చూసి బండ రెండుసార్లు తూచి చూపించాడు.

సరిగ్గా అప్పుడే ఆ డీలరు వాళ్ల అమ్మ పోయారు. మేనేజరు ఫోన్ చేసి, "వెళ్లి కాసేపు కూర్చునిరా. విత్తనం అన్నావో, చంపేస్తా" అన్నాడు.

షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. డీలరు పక్కన నవారు మంచం మీద ఆయన నాన్న, ఎనభై దాటిన మనిషి, ఎవరితోనూ మాటా పలుకూ లేకుండా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. నేను డీలరు పక్కన చేరాను.

"టిఫిన్ చేసారాండీ?"

"ఏం టిఫినండీ, ముద్ద దిగట్లా."

"దిగదండీ."

"అమ్మ లేని ఇల్లు ఇల్లా చెప్పండి?"

"ఇల్లు కాదండీ."

"చూస్తుండగానే అయిపోయింది."

"అయిపోయిందండీ."

డీలరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వెనక కుర్చీలో ఎవరో "మనసున్న మనిషి" అన్నారు. నాకు ఒళ్లు పొంగిపోయింది. అక్కడితో నోరు మూసుకుని వచ్చేసినా బాగుండేది.

చావింటి నుంచి చెప్పకుండా లేచి రావాలని పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. వస్తానంటే మళ్లీ అలాంటి పని మీదే రావాల్సి వస్తుందని భయం. ఆ సంగతి నాకూ తెలుసు. నా నోటికి తెలియదే! గేటు దగ్గర వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించి, నిండుగా నవ్వి, "మళ్లీ వస్తానండీ" అన్నాను.

అందరి కళ్లూ మెల్లగా నవారు మంచం మీదికి వెళ్లాయి. ఎలాగైనా సర్దాలనుకున్నాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

"అంటే... తొందరేం లేదండీ" అన్నాను ఆ ముసలాయనతో. "మీకు వీలున్నప్పుడే."

డీలరు కుర్చీ తన్నేసి లేచాడు. "నడవండి బయటికి! మీరు గానీ మీ విత్తనాలు గానీ నా కొట్టు మెట్టెక్కితే మర్యాద దక్కదు." వెనక ముసలాయనకి దగ్గు తెర వచ్చినట్టు వినపడింది. నేను తిరిగి చూడకుండా బస్టాండు దాకా పరిగెత్తాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఉద్యోగం గుర్తొచ్చి ఆపేసింది. "పోతే పోయిందిలెండి, ఇంకోటి చూసుకుందాం" అంది గానీ, ఆ గొంతులో ధైర్యం లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు డీలరు ఫోన్ చేశాడు.

"మీరోసారి ఇంటికి రావాలండీ. ఆరోజు నాన్న మీ మాటకి నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నోరు తెరిచింది అదొక్కసారే. మళ్లీ ఇవాళ పొద్దునే, వీలున్నప్పుడు వస్తానన్న కుర్రాడేడీ అన్నాడు."

వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"టిఫిన్ చేసారాండీ?"

"నీ టిఫిన్ తగలెయ్య. ఇంకేం రాదా నీకు?"

"రాదండీ." ఒప్పేసుకున్నాను.

"నాకూ రాదురా అబ్బాయ్. అరవయ్యేళ్లు కాపురం చేసా. పొద్దున్నే 'పాలొచ్చినయ్యా' అనడిగేది. 'వచ్చినయ్' అనేవాణ్ణి. ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. ఇప్పుడు వచ్చినోళ్లంతా ధైర్యంగా ఉండమనేవోళ్లే. పాలొచ్చినయ్యో లేదో ఒక్కడూ అడగట్లా."

"పాలొచ్చినయ్యాండీ?" అని అడిగాను.

"వచ్చినయ్" అన్నాడు, తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ.

ఆ వారం డీలరే సరుకు ఊసెత్తాడు. మా విత్తనాలు కొట్లో ముందు అరలోకి ఎక్కాయి. ఉద్యోగం పర్మినెంటయింది. అయినా ప్రతి గురువారం ఆ ఇంటికి వెళ్లేవాణ్ణి. పాల సంగతి అడిగాక వానలు, మిరపకి తెగుళ్లు, ఎదురింటి వాళ్ల గొడవలు, అన్నీ దొర్లేవి. లేచేటప్పుడు "మళ్లీ వస్తానండీ" అనకపోతే ముసలాయన కదలనిచ్చేవాడు కాదు. అంటే మాత్రం, "నాకిప్పుడు వీలు పడదు, మిరపకోతలున్నయ్" అనేవాడు. ఇంకో వారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలనేవాడు.

మొన్నొక గురువారం వెళ్లేసరికి షామియానా వేసి ఉంది. తెల్లవారుజామున పోయాడట. అవే కుర్చీలు, దాదాపు ఆ మనుషులే. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. పెదాలు బిగబట్టుకుని కాసేపు కూర్చుని లేచాను. గేటు దగ్గర డీలరు వెనకే వచ్చాడు.

"ఏవండీ, చెప్పకుండా వెళ్తున్నారేంటి? మీరా మాట అనకుండా వెళ్తే ఊరుకోవద్దని నాన్న మరీ మరీ చెప్పాడు."

నోరు తెరిచాను. బాత్రూము గుమ్మంలో కూడా తడుముకోకుండా అన్న మాట, ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆయన అలాగే నిలబడ్డాడు.

"పాలొచ్చినయ్యాండీ?" అన్నాను చివరికి.

"వచ్చినయ్" అన్నాడాయన. "నాన్నకి వేసే ప్యాకెట్టు ఇక వద్దని పాలతనికి చెప్పడం మర్చిపోయా. అదీ వచ్చింది."