స్నానం నీళ్ళు కలిసిన సూపు

"ఉప్పు వేశానా, వెయ్యలేదా? అదీ నిన్న నా బాధ. రుచి చూద్దామంటే నా నాలుకకి సూపూ ఒకటే, వేడినీళ్ళూ ఒకటే. కూర్చోండి, మీ కుర్చీలెక్కడికీ పారిపోవులెండి."

పండగకని మా ఇంటినుంచి తీసుకెళ్ళిన ఆరు కుర్చీల కోసం మర్నాడు పై అంతస్తుకి వెళ్ళాను. ఆ మాటలన్న పై ఇంటావిడ యూనిఫాంలు కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టరు. నలభై పొరల గుడ్డని ఒక్క గీతన కోసే మనిషి. అందరం మాస్టరమ్మ అంటాం. చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆవిడ వాసననీ రుచినీ వెంట తీసుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట.

పదకొండేళ్ళుగా ఈస్టర్ నాడు తెల్లవారుజాము ప్రార్థన కాగానే చుట్టాలంతా ఆ ఇంటికే వస్తారు. టిఫినుకి ఆలస్యం, భోజనానికి తొందర అనిపించే వేళ పెద్ద విందు.

"చెప్పేస్తే పోయేదిగా?" అన్నాను.

"చెప్తే ఇంకేముంది! 'పాపం అక్కా, నువ్వు విశ్రాంతి తీసుకో' అని మా తోడికోడలు పండగని వాళ్ళింటికి ఎత్తుకుపోదూ? రెండేళ్ళుగా కాచుక్కూర్చుంది. చెడ్డది కాదు, కానీ నా పండగ నాక్కావాలి."

అందుకని అన్నీ చెంచాలతో కొలిచి చీటీల మీద రాసుకుంది. ఉల్లిపాయలు వేగాయో లేదో రంగు చూసి, చప్పుడు విని పోల్చుకుంది. "గుడ్డకి టేపుంది. కూరకి నాలుకే టేపు. నాది తెగిపోయింది."

ఉప్పు చెంచా చేతిలో ఉండగా బెల్ మోగింది. గంట ముందే దిగిన చుట్టాలకి కాఫీలిచ్చి వచ్చేసరికి అంతకుముందు ఉప్పు వేసిందో లేదో గుర్తులేదు. ఉప్పు వేసేసింది. వేశాక, ముందే వేసి ఉంటే ఎలాగన్న అనుమానం పట్టుకుంది.

"మా అత్తయ్యేమో పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే కాపలా! మోకాళ్ళ నొప్పులతో నిలబడలేరు, కూర్చోమంటే వినరు. నా వంట మీద నమ్మకం లేదు కాబోలనుకుని ఒళ్ళు మండింది. బట్టలు మార్చుకుందామని లోపలికెళ్ళిపోయా."

బల్ల చుట్టూ పదిహేడు మంది. రంగులేసిన గుడ్లు, రొట్టె, వెన్నలో వేయించిన బంగాళాదుంపలు, మధ్యలో కోడి సూపు. మాస్టరమ్మ భర్త వణుకుతూ వచ్చాడు. "నా స్నానం నీళ్ళు ఎవరు కాజేశారు?"

తోడికోడలు ఒక చెంచా నోట్లో పోసుకుని ఆగింది.

"అక్కా!"

"ఇక నా పండగ పోయిందే అనుకున్నా," అంది మాస్టరమ్మ.

"ఈసారి ఉప్పు భలే కుదిరింది. పోయినేడు కాస్త ఎక్కువైంది, నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"పొగడ్తలో పుల్ల దూర్చకపోతే ఆవిడకి ముద్ద దిగదు," అని మాస్టరమ్మ నవ్వింది. ఆ మాట విన్నాకే మా కుర్చీ ఒకటి లాక్కుని తనూ కూర్చుందట.

గిన్నెలు కడిగేటప్పుడు అత్తగారు పక్కన చేరారు.

"రెండుసార్లు వేశావే తల్లీ."

"అయ్యో! మరి?"

"సూపు సగం తీసి మూలన పెట్టా. పక్క పొయ్యి మీద వాడి స్నానానికి నీళ్ళు కాగుతుంటే అవి పోశా. పలచనైతే నాలుగు బంగాళాదుంపలు చిదిమి కలిపా. ఒక్కపూట చన్నీళ్ళు పోసుకుంటే అరిగిపోతాడా?"

"మీకెలా తెలుసు, నా సంగతి?"

"మొన్న పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే నిలబడి హాయిగా పాట పాడుకుంటున్నావు. ఆరోజే తెలిసింది."

"చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

కథంతా చెప్పి మాస్టరమ్మ మా కుర్చీలు నా వైపు జరిపింది. "రుచి ఎప్పుడొస్తుందో డాక్టరుకే తెలీదు. రానీ, రాకపోనీ. రాత్రి మాత్రం కంటినిండా నిద్రపోయా."

తర్వాత మెడలోని టేపు తీసి వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి గట్టు ఎత్తు కొలిచి, సుద్దముక్కతో గుడ్డపీలిక మీద రాసి నా చేతిలో పెట్టింది.

"మన వీధి వడ్రంగితో ఎత్తు స్టూలు ఒకటి చేయించండి. ఇరవై ఆరంగుళాలు. వీపు ఆనుకోడానికి చెక్క ఉండాలి, మా అత్తయ్య గంటలకొద్దీ నిలబడకుండా. ఎందుకని అడిగితే మాత్రం, పూలకుండీ పెట్టుకోడానికని చెప్పండి. వాడికి మా తోడికోడలు బాగా తెలుసు."