సిక్సర్ కొట్టినంక ఉరుకుడెందుకు?

మేం డిగ్రీ చదివే కాలంలో మంచిర్యాలలో ఆటలకు కూడా అంతస్తులుండేవి. అన్నిటికంటే పైన కబడ్డీ. కబడ్డీ టీంలో ఉన్నవాడు క్యాంటీన్‌లోకి వస్తే బెంచీ దానంతటదే ఖాళీ అయ్యేది (వేడి సమోసా కూడా ముందు వాడికే). దాని తర్వాత క్రికెట్. దానికి మైకులో కామెంటరీ ఉండేది, బస్టాండు దాకా వినపడేది. ఆ కింద వాలీబాల్, ఖోఖో. ఇవేవీ చేతకానివాళ్లు వరండాలో క్యారమ్స్ ఆడేవాళ్లు. ఆ క్యారమ్స్‌కు కూడా అడుగున, ఎవరి కంటా పడని చోట, బేస్‌బాల్ ఉండేది. నేను ఆ ఆట ఆడాను. ఆడాననే అనుకుంటున్నాను. ఏం ఆడావని నిలదీస్తే మాత్రం అప్పట్లో నీళ్లు నమిలేవాణ్ని.

అందులోకి నేను కోరి పోలేదు. కబడ్డీ సెలక్షన్‌లో నా కూత విన్న పీడీ సార్ (ఆటలు నేర్పే సారు, పెళ్లిళ్లకు కూడా మెడలో విజిల్‌తోనే వచ్చేవారు) "నీకు దమ్ము లేదు, కూత లేదు, ఎందుకొచ్చినవ్‌రా?" అన్నారు. క్రికెట్‌లోనూ అదే మర్యాద జరిగింది. ఓ పొద్దున మాలాంటి వాళ్లందర్నీ పోగేసి, "యూనివర్సిటోళ్లు బేస్‌బాల్ టీం పంపుమన్నరు. మన దిక్కు గా ఆట ఎవలూ ఆడరు. అందుకే ఏ ఆటా రానోళ్లను పిలిచిన" అన్నారు. మాకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాం.

మా బాపు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు కాలనీ కబడ్డీలో పేరున్న మనిషి. కూతకు పోతే ఇద్దర్నైనా ముట్టందే తిరిగి వచ్చేవాడు కాదట. నేను కబడ్డీకి ఎంపిక కాలేదని తెలిసిన రోజు ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. అది నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. బాపు నన్ను ఆటగాడని ఒప్పుకోవాలి, అంతే. డిగ్రీ పాసవడం కూడా దాని తర్వాతే. అందుకే టీంలోకి రాగానే ఇంటికి పరుగెత్తాను.

"ఏం ఆట?" అన్నాడు బాపు.

"బేస్‌బాల్."

"గదెట్లుంటది?"

"క్రికెట్ లెక్కనే ఉంటది బాపు. గని క్రికెట్ గాదు."

"మల్ల?"

మల్ల ఏమిటో నాకూ తెలియదు. "పోరడు ఆడుతుండు గదా, ఏ ఆటైతేంది?" అని అవ్వ (మా అమ్మ) పొయ్యి దగ్గర్నుంచే నన్ను కాపాడింది. బాపు, "మ్యాచ్ ఎప్పుడో చెప్పు. డ్యూటీకి నాగా పెట్టి వస్త" అన్నాడు. 

ఇక సాధన. ఫోన్లో వీడియోలు చూసేవాళ్లం. అందులోని ఇంగ్లీషు మాకు అర్థమయ్యేలోపు ఆట అయిపోయేది. ఖాళీ సిమెంటు సంచులు మడతపెట్టి నాలుగు మూలలా పరిచాం, అవే బేస్‌లు. బంతి పట్టుకోవడానికి వెనక కూర్చునే పని, మా టీంలో అందరం భాయ్ అని పిలిచేవాడిది (వాళ్ల నాన్నది టైర్ల దుకాణం). వాడు మొహానికి స్కూటర్ హెల్మెట్ పెట్టుకునేవాడు. "గిక్కడ కొట్టాలె, గా మూలకు ఉరుకాలె, అటెన్క గా మూల, గీ మూల, మల్ల గిక్కడికే రావాలె" అని సార్ చెప్తే, భాయ్ హెల్మెట్ అద్దం పైకెత్తి, "మల్ల గిక్కడికే వచ్చేదుంటే పోవుడెందుకు సార్?" అన్నాడు. సార్ విజిల్ ఊదారు. పుట్టినప్పటి నుంచీ క్రికెట్ చూసిన ఒళ్లు మాది. బ్యాటు పారేసి ఉరకమంటే చేతులు వదిలేవి కావు. బ్యాటుతోనే ఉరికి, దాన్ని ముందుకు చాపి సంచీని ముట్టేవాళ్లం. సార్ తల పట్టుకునేవారు.

మ్యాచ్ రోజు కాగజ్‌నగర్ కుర్రాళ్లు ప్యాసింజర్ రైల్లో వచ్చారు. మా ఖర్మ కొద్దీ అదే గ్రౌండులో అవతలి పక్క కబడ్డీ ఫైనల్. కాలేజీ మొత్తం అటే ఉంది, గోడలెక్కి మరీ ఉంది. మా వైపు ఉన్నది వాచ్‌మన్, ఇస్త్రీ చొక్కాలో మా బాపు. అటు కేక వినపడ్డప్పుడల్లా మాకే అనుకుని నేను ఛాతీ విరిచేవాణ్ని. కాగజ్‌నగర్ కెప్టెన్ నా పక్కకొచ్చి మెల్లగా, "అన్నా, ఓవర్‌కు ఎన్ని బంతులు?" అన్నాడు. "మీకు తెల్వదా?" అన్నాను, నాకు తెలిసినట్టు. ఇంతలో గట్టు మీంచి బాపు కేకేశాడు.

"మనం గెలుస్తున్నమా, ఓడుతున్నమా?"

"తెల్వదే బాపు!"

అప్పుడు వచ్చింది ఆ బంతి. ఎలా తగిలిందో నాకు తెలియదు, కళ్లు మూసుకుని ఉన్నాను. తెరిచేసరికి అది అందరి తలల మీదుగా పోయి సరిగ్గా కబడ్డీ కోర్టు నడుమ పడింది. మా కాలేజీ కూతగాడు ఉలిక్కిపడి కూత ఆపేశాడు, అవతలివాళ్లు వాణ్ని కుప్పగా పట్టేశారు. గ్రౌండంతా ఇటు తిరిగింది. మా ఆటను జనం చూడటం అదే మొదటిసారి. నేను బ్యాటు పైకెత్తి అభివాదం చేశాను.

"ఉరుకురా!" అని సార్ అరిచారు.

"సిక్సర్ కొట్టినంక ఉరుకుడెందుకు సార్?"

టీమంతా అరుస్తోంది. నాకు నిజంగానే అర్థం కాలేదు. కబడ్డీ అభిమానులు ఓ ఇరవైమంది చొక్కా చేతులు మడుస్తూ మా వైపు రావడం చూసి బాపు గట్టు దిగి, "బిడ్డా, ఉరుకు! నిన్ను కొట్టేందుకే వస్తున్నరు!" అన్నాడు. అది వెంటనే అర్థమైంది. ఉరికాను. మొదటి సంచీని బ్యాటుతో ముట్టాను. రెండోది ముట్టానో లేదో దేవుడికే తెలియాలి. మూడో దాని దగ్గర నిలబడ్డ భాయ్ "చల్, చల్!" అని వీపు మీద ఒక్కటిచ్చి ముందుకు తోశాడు. మొదలైన చోటికే వచ్చి బోర్లాపడ్డాను. అంపైర్ రెండు చేతులూ పైకెత్తాడు. అది నాకు పరుగా, ఆయనకు విసుగా అన్నది తేలలేదు. సార్లందరూ గుండ్రంగా నిలబడి వాదించుకున్నారు, కబడ్డీవాళ్లూ అందులో చేరారు. రైలు టైమైందని కాగజ్‌నగర్ వాళ్లు వెళ్లిపోతూ గెలిచినందుకు మాకు అభినందనలు చెప్పారు. మేమూ వాళ్లకు చెప్పాం.

బస్సెక్కాక, బాపు ఇంటికెళ్లి మళ్లీ సగం అన్నంలో లేస్తాడేమోనని నాకు ఏడుపొచ్చినంత పనైంది. శ్రీరాంపూర్‌లో దిగి చాయ్ హోటల్ ముందు గ్లాసులు అందుకోగానే షిఫ్టు దిగిన ఆయన దోస్తు, "ఏం ఆటనే మీ పోరనిది?" అని అడిగాడు. నేను తల దించుకున్నాను. బాపు గ్లాసు కింద పెట్టి తీరిగ్గా మొదలుపెట్టాడు.

"ఒక్కడే ఉరుకుతడు. అవతల తొమ్మండుగురు వాన్ని పట్టేందుకు చూస్తరు. దొరకకుంట తిరిగి తన జాగకు రావాలె. కబడ్డీయే, గని గుండ్రంగ ఆడుతరు. ఇయ్యాల మావోడైతే గా తొమ్మండుగురికి తోడు ఇంకో ఇరువైమంది ఎంబడివడ్డా దొరకలే!"

ఆయన గొంతులో గర్వం ఉంది. ఆ ఆట మొదటిసారి అర్థమైంది నాకు, మ్యాచ్ అయిపోయాక, ఆ చాయ్ హోటల్ ముందు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, కొంచెం పొట్ట. కాలేజీలో ఏం ఆట ఆడావని ఎవరైనా అడిగితే బాపు మాటే చెప్తాను, గుండ్రటి కబడ్డీ అని. విన్నవాళ్లు నోరు తెరిచి నావైపు అయోమయంగా చూస్తారు. ఆ మొహం నాకు బాగా తెలుసు. బ్యాటు పైకెత్తి గ్రౌండు నడుమ నిలబడ్డ ఆ బక్కపోరడిది అచ్చం అదే మొహం. ఎంత ముద్దొస్తాడో వెధవ.