పక్కింటావిడ వరి ఊరు

నాకు ఒక ఊరి మీద కుళ్ళు పుట్టింది. మనుషుల మీద కుళ్ళు పుట్టడం మామూలే. చీరల మీదా నగల మీదా పుట్టడమూ ఎరుగుదును. ఎన్నడూ చూడని, ఇండోనేషియాలో ఎక్కడో కొండ వాలున ఉన్న చిన్న పల్లెటూరి మీద, ఈ వయసులో, ఇంత కుళ్ళు పుడుతుందని మాత్రం అనుకోలేదు.

ఆ ఊరు మా పక్కింటావిడది. అమెరికాలో, అరిజోనా ఎడారిలో ఉన్న చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంటికీ ఆవిడ కొడుకు ఇంటికీ మధ్య ఒక గోడ. వాళ్ళిద్దరూ ఒకే కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో పని చేస్తారు. ఆవిడా నాలాగే పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి వెళదామని జావా నుంచి వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు, నాకు ఆవిడ భాష రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక పూట కబుర్లకు చాలదు. అందుకని గోడ దగ్గర ఎదురుపడితే నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వులతో ఆగి ఉంటే బాగుండేది.

ఆరో క్లాసు చదివే మా మనవరాలికి స్కూల్లో ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. మనం తినే తిండి పండే ఊరు ఒకటి ఎంచుకుని, ఆ ఊరి మనిషినే అడిగి తెలుసుకుని, క్లాసులో అందరికీ చెప్పాలి. నేను లోలోపల సంబరపడిపోయాను. గోదావరి జిల్లాలో పుట్టి, గోదావరి జిల్లాలోనే మెట్టినదాన్ని. మా వాకిట్లో గాదె నిండా వడ్లు ఉండేవి. అమ్మమ్మను ఇంట్లో పెట్టుకుని పిల్ల ఇంకెవరి దగ్గరికి పోతుందిలే అనుకున్నాను. పిల్ల గోడ అవతలికి పోయింది.

దానికి కారణం ఒక ప్లాస్టిక్ టబ్బు. గులకరాళ్ళు పరిచిన ఆ పెరట్లో, కాస్త నీడ చూసుకుని, పక్కింటావిడ టబ్బులో బురద కలిపి వరి వేసింది. ఈ ఎండల్లో, ఈ ఎడారిలో, వరి. అది బుద్ధిగా పొట్టకొచ్చి ఈనింది కూడా. దాన్ని చూడటానికి వెళ్ళిన మా మనవరాలు ఇక అక్కడే ఉండిపోయింది. మాటలు మార్చి చెప్పే యాప్ ఏదో ఫోన్‌లో పెట్టుకుని ఇద్దరూ ఆ టబ్బు పక్కన కూర్చుని ఒకటే కబుర్లు. కొద్ది రోజుల్లోనే పిల్ల ఆవిడను ‘ఎంబా’ అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళ భాషలో అమ్మమ్మ అనట. సొంత అమ్మమ్మను నేను ఇంట్లోనే ఉన్నాను కదా అని మండింది నాకు.

సాయంత్రం భోజనాల దగ్గర రోజూ ఆ ఊరి సంగతులే. మెట్లు మెట్లుగా పొలాలట. పై మడి నిండాక కింది మడికి నీళ్ళట. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి ఊరంతా కలిసి ఒక మనిషిని పెట్టుకుంటుందట. మాకూ నీటి వంతులు ఉండేవి అన్నాను. పొలానికి అడ్డంగా తాళ్ళు కట్టి, ఖాళీ డబ్బాలు వేలాడదీస్తారట. పాకలో కూర్చున్న ముసలాయన ఒక్క తాడు లాగితే అన్నీ మోగి పిట్టలు లేచిపోతాయట. మా ఊళ్ళోనూ డబ్బాలు కొట్టేవారు అన్నాను. కోతలయ్యాక రాలిన గింజలు తినడానికి బాతుల్ని తోలుతారట. మా బాతులు ఇంకా బలంగా ఉంటాయి అన్నాను. మా అల్లుడు పప్పు కలుపుకుంటూ నవ్వు ఆపుకున్నాడు. పిల్లతో పోటీ ఏమిటమ్మా అని మా అమ్మాయి విసుక్కుంది. పిల్లతో నాకేం పోటీ, నా పోటీ ఆ ఊరితో.

అన్నిటికంటే నన్ను కాల్చింది ఆ కత్తి. ఆవిడ సూట్‌కేసులో పెట్టుకుని మరీ తెచ్చుకుంది. అగ్గిపెట్టె అంత చెక్కముక్క, దానికో చిన్న బ్లేడు. వేళ్ళ సందున పట్టుకుంటే అరచేతిలో కనబడకుండా ఇమిడిపోతుంది. వాళ్ళకు వరి అంటే తల్లి. ఎన్ని మిషన్లు వచ్చినా, మొదటి కంకులు మాత్రం ఆడవాళ్ళు ఆ కత్తితోనే ఒక్కొక్కటిగా కోస్తారట. పెద్ద కొడవలి చూస్తే ఆ తల్లి జడుసుకుంటుందని కత్తిని చేతిలో దాచుకుంటారట. ఈ సంగతి చెప్పేటప్పుడు మా మనవరాలు గొంతు తగ్గించేసింది. నా సంగతులు చెప్పేటప్పుడు ఎప్పుడైనా అలా గొంతు తగ్గించిందా అని ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

ఒక ఆదివారం సాయంత్రం ఆవిడ ఊళ్ళో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేస్తూ నన్నూ పిలిచింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. చెల్లెలు గట్టు వెంట నడుస్తూ చూపించింది. ఎటు చూసినా పచ్చటి చేలు, వెనక సన్నగా పొగ వదులుతున్న కొండ. మడిలో ఉన్న ఆడవాళ్ళు నడుం ఎత్తి మా మనవరాలికి చెయ్యి ఊపారు, పేరు పెట్టి పిలిచారు కూడా.

నేను ఇంటికొచ్చి వెంటనే మా మరిదికి ఫోన్ చేసి మన చేను చూపించమన్నాను. ఆయన నిద్ర మొహంతోనే వెళ్ళి చూపించాడు. రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే చక్రాలు, గట్టు మీద కరెంటు స్తంభాలు. చుట్టుపక్కల అందరూ తవ్వేశాక, మా చేలోకీ ఉప్పునీరు చేరి వరి పండటం మానేస్తే మేమూ తవ్వించాం. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా పిల్ల పక్కన కూర్చుని చూస్తుంటే కొత్తగా సిగ్గేసింది. "ఓ, ష్రింప్," అని మర్యాదగా అని ఊరుకుంది పిల్ల.

నేను ఊరుకోలేదు. వరి ఉన్నప్పటి ఊరు నాకు తెలుసు, ఆవిడను అడిగినవన్నీ నన్నూ అడుగు అన్నాను. పాపం, పిల్ల సంతోషంగా ఒప్పుకుంది. రెండు ఊళ్ళూ కంపేర్ చేస్తే టీచర్‌కి నచ్చుతుందట. మర్నాడు గంజి పెట్టిన చీర కట్టుకుని సోఫాలో కూర్చున్నాను. పిల్ల ఎదురుగా ఫోన్ నిలబెట్టి రికార్డింగ్ ఆన్ చేసింది.

నాట్లు ఎవరు వేసేవారు అని అడిగింది. కూలీ ఆడవాళ్ళు, వరసగా నిలబడి పాడుకుంటూ వేసేవారు అని చెప్పాను. ఏం పాట అంది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడితే పాట సగమే వినబడుతుంది. ఆ సగమూ ఇప్పుడు గుర్తు రాలేదు. బురద పైన వెచ్చగా, లోపల చల్లగా ఉంటుందని ఎంబా చెప్పింది, మీ బురద కూడా అంతేనా అంది. నేను ఎప్పుడూ మడిలోకి దిగలేదు. దిగనిచ్చే ఇల్లు కాదు మాది. కలుపు ఎవరు తీసేవారు అంటే వాళ్ళే అన్నాను. కోత అంటే వాళ్ళే అన్నాను. కోసే ముందు ఏం చేసేవారు, కొడవలి దాచుకునేవారా, వరికి ఏమైనా చెప్పేవారా అని అడిగింది. నాకు తెలియదు. కుప్ప వేశాక వెళ్ళి చూసేదాన్ని.

పిల్ల రికార్డింగ్ ఆపేసింది. దాని మొహంలో వెక్కిరింత ఏమీ లేదు.

"అయితే అమ్మమ్మా, నేను వాళ్ళని కదా అడగాలి?" అంది. "వాళ్ళకి వీడియో కాల్ చేద్దామా?"

ఇన్నాళ్ళూ గోడ అవతల తిరిగిన నా కుళ్ళు ఒక్కసారిగా మా సొంత చేలోకి వచ్చి పడింది. ఆ పాట, ఆ బురద, కోత ముందు అనుకున్న ఆ మాట ఏదైనా ఉంటే అదీ, అన్నీ వాళ్ళవే. వరసగా వంగిన వీపులు కనబడుతున్నాయి గానీ, ఒక్క మొహం కూడా స్పష్టంగా గుర్తు రావడం లేదు. పిల్ల ఫోన్ నా చేతికిచ్చి నంబరు నొక్కమంది. వాళ్ళలో ఒక్కరి నంబరు కూడా నా దగ్గర లేదని చెప్పాను.