ముందు సున్నం, తర్వాతే పౌడర్

"సున్నం లారీ రాలే. సున్నం కలపకుంట తేజాబు నీళ్లల్ల పౌడరేస్తే పాణం మీదికొస్తదని చెప్పిన, ఇంటలేరు," అన్నాడు నా పెనిమిటి, చెప్పులేసుకుంటూ.

"సారు చెప్పింది జెయ్యి. నీకెందుకు ఫికరు," అన్నాను నేను, జొన్నపిండి పిసుకుతూ. తల కూడా ఎత్తలేదు.

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. ముందు ఇవే రాయి బిడ్డా. నా చెల్లెలి కూతురివి, బడిలో పంతులమ్మవి, నీ చేతికి అక్షరం వచ్చు. నా తప్పు కూడా రాయి, దాచకు.

అప్పుడు ఉప్పల్‌లో ఉండేవాళ్లం. మీ పెద్దనాయనకు నాచారంలో ఒక రంగుల మిల్లులో పని. నూలుకు రంగు పట్టించగా మిగిలిన నీళ్లు తేజాబుతో, అదే యాసిడ్‌తో, నురగలు కక్కుతూ తొట్టిలోకి వచ్చేవి. ఆయన సున్నం కలిపి, గెడతో తిప్పి, చిన్న నీలం కాగితం ముంచి చూసేవాడు. ఎర్రబడితే తేజాబు ఇంకా విరగలేదని మళ్లీ సున్నం. కాగితం నీలంగా నిలిచాకే పటిక. మడ్డి అడుగుకు దిగాక, కంపు పోవడానికి బ్లీచింగ్ పౌడర్. ఈ వరస నాకూ నోటికొచ్చు. సున్నానికి పగిలిన ఆయన చేతులకు నూనె రాస్తూ రోజూ విన్నదే కదా.

ఆ రోజు మిల్లు నీళ్లు చూడడానికి సర్కారు ఆఫీసరు వస్తున్నాడని కబురు. ఆ ఒక్కరోజు కంపు మాయం కావాలి వాళ్లకు. మిగతా రోజులు మేం పీల్చలేదా? ఆ నీళ్లు నాలా దాటి మా బావుల్లోకి దిగలేదా? అది ఎవడికీ పట్టలేదు.

తోటి పనివాళ్లు ఇద్దరు తర్వాత నాకు చెప్పారు. ఆయన కాగితం ముంచి, ఎర్రబడిందని సూపర్‌వైజరుకు చూపించి జేబులో పెట్టుకున్నాడట. ఆఫీసరు జీపు ఉప్పల్ చౌరస్తా దాటింది, పౌడర్ డబ్బా గుమ్మరించమన్నాడట సూపర్‌వైజరు. ఆయన గుమ్మరించాడు. నేను కూడా అదే చెప్పి పంపాను కదా. పచ్చటి పొగ లేచింది. ఊపిరాడక తొట్టి గట్టు మీదే పడిపోయాడు. జీపును గేటు దగ్గరి నుంచే వెనక్కి తిప్పి పంపారు.

దవాఖానాలో ఆయన అంగీ నా చేతికిచ్చారు. జేబులో ఎర్ర కాగితం ముక్క. సూపర్‌వైజరు ఏదో రాసిన కాగితం పట్టుకొని వస్తే, ఆ ముక్కను అతని ముందు పెట్టాను.

"గది ఉత్త కాయితమమ్మా. ఈడ వేలిముద్ర వెయ్యి, శవాన్ని తీస్కపో."

వేశాను. చదివి వినిపించమని అడగలేదు. నెల తిరిగాక ఆ తోటి పనివాళ్లిద్దరిలో చదువు వచ్చినవాడు మిల్లులో ఆ కాగితం చూసి చెప్పాడు, ఏది ముందు వెయ్యాలో తెలియక తన తెలివితక్కువతో చచ్చాడని, పెండ్లామే ఒప్పుకుందని అందులో ఉందట. తెలియదట ఆయనకు! ఈ బొటనవేలును బండకేసి కొట్టుకున్నాను.

వాళ్ల కాగితం ఏ బీరువాలో ఉందో నాకు తెలియదు. ఇది నా కాగితం. ఆయనకు తెలుసని రాయి. ముంచి చూశాడు, చూపించాడు, చెప్పాడు. వినని వాళ్లలో నేనూ ఉన్నాను, అదీ రాయి. ఆయన మాట ఆయన అన్నట్టే రాశావా, బడిమాటలోకి దిద్దావా? వేలిముద్ర ఇప్పుడే వెయ్యను. మొదటి నుంచి చదువు బిడ్డా, వింటాను.